కొండల్లో కాటేజీ అద్దెకు తీసుకున్నాక: గుమ్మం దిగి ఏమేం చేయొచ్చు, ఎలా చేయాలి

కొండల్లో కాటేజీ బుక్ చేసుకున్నవాళ్లలో చాలామంది అక్కడ చేసేది ఒకటే. పొద్దెక్కేదాకా పడుకోవడం, తీరిగ్గా టిఫిన్ చేయడం, కారెక్కి ఎక్కడో ఉన్న వ్యూపాయింట్‌కి పోయి ఫొటోలు దిగడం, చీకటి పడ్డాక మలుపుల రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగి రావడం. ఈ మాత్రం దానికి కింద ఊళ్లో లాడ్జి గది చాలు. కాటేజీకి అంత అద్దె పోసేది గుమ్మం దిగగానే కాలిబాట, కూతవేటు దూరంలో వాగు, తెల్లారకముందే పిట్టల కూతలు ఉంటాయనే కదా.

కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి ఇది. కారు తాళాలు పక్కన పెట్టి, నడిచి వెళ్లగలిగినవన్నీ ముందు చూడండి. ఏ పని ఏ గంటకి పెట్టుకోవాలో మన మూడ్‌ని బట్టి కాకుండా ఎండ, గాలి, మబ్బుల వరసని బట్టి నిర్ణయించుకోండి. పొద్దున నడక, మధ్యాహ్నం వాన వచ్చేలోపు ఇల్లు చేరడం, రాత్రి ఆకాశం. మిగతాదంతా ఈ వరసలో సర్దుకుంటుంది.

1. బుక్ చేసే ముందు ఓనర్‌ని అడగాల్సినవి

ఫొటోల్లో కిటికీలోంచి కొండ బాగానే కనిపిస్తుంది. దాని మీదికి దారి ఉందా, ఆ దారి ఎవరి భూమిలోంచి పోతుంది అన్నవి కనిపించవు. మధ్యలో ప్రైవేటు తోటో కంచె వేసిన అటవీ భూమో ఉంటే చూడ్డమే తప్ప నడవడం కుదరదు. ఫోన్‌లో ఇవి అడగండి:

- గేటు దగ్గర్నుంచే మొదలయ్యే కాలిబాట ఉందా? ఎంత దూరం పోతుంది? పర్మిషన్ కావాలా?
- కాటేజీ సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది?
- ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా వస్తుంది? ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది?
- బయట చలిమంట వేసుకోనిస్తారా? దానికి కట్టిన గుంత ఉందా?
- వానకో మంచుకో రోడ్డు మూసేసే సీజనా ఇది?
- చుట్టుపక్కల ఏ జంతువులు తిరుగుతాయి?

జవాబు చెప్పే తీరు కూడా గమనించండి. "అన్నీ ఉన్నాయండీ, మీరు రండి" అనే ఓనర్ కంటే "వంతెన దాటాక ఎడమ దారిలోకి వెళ్లకండి, అక్కడ చరియలు విరిగిపడ్డాయి" అని చెప్పే ఓనర్ పది రెట్లు నయం.

ఎత్తు ఎందుకు అడగమంటున్నానంటే, అన్ని లెక్కలూ దాని మీదే ఆధారపడతాయి. సగటున ప్రతి 1000 మీటర్లకి ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కాటేజీ దగ్గర 18 డిగ్రీలుంటే అక్కడికి 800 మీటర్ల పైనున్న శిఖరం మీద 13 దాకా ఉంటుంది, గాలి తగిలితే ఒంటికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. అదే ఎత్తులో అతినీలలోహిత కిరణాలు మాత్రం పెరుగుతాయి, 1000 మీటర్లకి సుమారు 10 శాతం. చలిగా ఉంది కదా అని టోపీ, సన్‌స్క్రీన్ వదిలేసినవాళ్ల ముక్కు తోలు ఊడేది ఇందుకే. ఇక 2500 మీటర్లు దాటిన చోట కాటేజీ అయితే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ గురించి ఆలోచించాలి: తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. అలాంటి చోట మొదటి రోజు విశ్రాంతే పెద్ద ప్రోగ్రాం. లక్షణాలు తగ్గకపోగా పెరుగుతుంటే మందు కంటే ముందు చేయాల్సింది కిందికి దిగడం.

2. చేరిన రోజు: అరగంట చుట్టూ తిరగండి

ప్రయాణం చేసి వచ్చిన రోజు పెద్ద నడక పెట్టుకోకండి. సామాను లోపల పడేసి, వెలుతురు ఉండగానే కాటేజీ చుట్టూ ఓ అరగంట తిరగండి. కాలిబాట మొదలయ్యే చోటు చూసి పెట్టుకుంటే మర్నాడు మసక చీకట్లో వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఫోన్ ఏ రాయి మీద నిలబడితే సిగ్నల్ పట్టుకుంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. మూడోది, సూర్యుడు ఏ కొండ వెనక దిగుతున్నాడో చూడండి. యాప్‌లో సూర్యాస్తమయం 6:30 అని ఉన్నా, పడమట ఎత్తయిన కొండ ఉంటే మీ లోయలో ఐదింటికే నీడ పరుచుకుని చలి మొదలవుతుంది. ఇంకా ఎంత ఎండ మిగిలిందో చూడ్డానికి పాత కిటుకు ఒకటుంది. చెయ్యి చాచి, వేళ్లు అడ్డంగా పెట్టి, కొండ అంచుకీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టండి. ఒక్కో వేలుకి సుమారు 15 నిమిషాలు.

3. నడకదారి ఎంచుకోవడం: కిలోమీటర్లు చూసి మోసపోకండి

"తొమ్మిది కిలోమీటర్లేగా, రోజూ వాకింగ్‌లో ఐదు నడుస్తాం" అనుకునేవాళ్లే ఎక్కువగా చీకట్లో చిక్కుకుంటారు. కొండ మీద దూరం కంటే ఎక్కుడు ముఖ్యం. దీనికి విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట.

మీ కాటేజీ నుంచి పైనున్న గడ్డిమైదానం దాకా పోయి రావడం 9 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 450 మీటర్లు అనుకుందాం. 9 కిలోమీటర్లకి 1 గంట 48 నిమిషాలు. 450 మీటర్లకి 45 నిమిషాలు. మొత్తం 2 గంటల 33 నిమిషాలు. ఇది అలవాటున్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే. పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యలు, ప్రతి పువ్వు దగ్గరా ఆగే బావగారు ఉన్న గుంపు అయితే దీనికి సగం కలపండి, దాదాపు 3 గంటల 50 నిమిషాలు. తినడానికీ కూర్చోడానికీ ఇంకో గంట. అంటే ఐదు గంటల పని. ఉదయం 6:30కి కదిలితే 11:30 లోపు వాకిట్లో ఉంటారు. పదింటికి కదిలితే మధ్యాహ్నం మూడు, అంటే సరిగ్గా ఉరుములు మొదలయ్యే వేళ.

ఎక్కుడు లెక్కలో ఒక మెలిక ఉంది. కాటేజీ 1200 మీటర్లలో, గమ్యం 1500 మీటర్లలో ఉంటే ఎక్కాల్సింది 300 అనిపిస్తుంది. మధ్యలో 80 మీటర్లు దిగి మళ్లీ ఎక్కాల్సిన వాగు ఉంటే పోయేటప్పుడు 380, వచ్చేటప్పుడు ఇంకో 80. మొత్తం 460. మ్యాప్‌లో కాంటూరు గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) చూస్తే ఇది తెలిసిపోతుంది. గీతకీ గీతకీ మధ్య ఎన్ని మీటర్ల తేడానో మ్యాప్ అంచులో రాసి ఉంటుంది. 20 అని ఉంటే, మీ దారి పైకి దాటే గీతల్ని లెక్కపెట్టి 20తో హెచ్చవేయండి. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు దగ్గరగా ఉన్న చోట దారి నిట్టనిలువుగా ఉందని అర్థం. దిగేటప్పుడు మోకాళ్లని పరీక్షించేది కూడా ఆ చోటే.

బయల్దేరే ముందే వెనుదిరిగే టైమ్ అనుకోండి. పైన చెప్పిన గడ్డిమైదానం నడకకి 6:30కి కదిలితే అది 9:30. ఆ టైమ్‌కి గమ్యం కళ్లెదుటే ఉన్నా సరే, వెనక్కే. "ఇంకో పది నిమిషాలే" అనే మాట కొండ మీద నమ్మకూడదు, ఎందుకంటే కింద నుంచి శిఖరంలా కనిపించే మిట్ట వెనక ఇంకో మిట్ట ఉంటుంది.

నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లు రొప్పుతూ చేరేసరికి ముందున్నవాళ్ల విశ్రాంతి అయిపోయి ఉంటుంది, వాళ్లకి మాత్రం కూర్చునే టైమ్ దొరకదు. గుంపు విడిపోక తప్పదనుకుంటే ఎక్కడ, ఎన్నింటికి కలుస్తారో ముందే చెప్పుకోండి. ఒక్కరినే మాత్రం వెనక్కి పంపొద్దు.

సైకిళ్లు, గుర్రాలు, చేపలు పట్టడం లాంటివి కాటేజీవాళ్లు చూపిస్తే మంచిదే. సైకిల్‌కి దిగుడు మొదలయ్యే ముందే రెండు బ్రేకులూ నొక్కి చూసుకోండి, చేపలకి లైసెన్సు కావాలేమో కనుక్కోండి. ఉన్నది రెండు మూడు రోజులే అయితే నా ఓటు నడకకే.

4. బ్యాగులో ఏం ఉండాలి

రెండు గంటల నడకకి కూడా చిన్న బ్యాగు తప్పదు. నీళ్లు, తిండి, వాన కోటు, ఒక ఉన్ని స్వెటర్, ఫస్ట్ ఎయిడ్, మనిషికొక టార్చి, మనిషికొక విజిల్. కాటన్ టీషర్టు చెమటకి తడిస్తే ఆరదు, గాలి తగలగానే ఒళ్లు చల్లబడిపోతుంది. ఉన్నిగానీ త్వరగా ఆరే సింథటిక్ బట్టగానీ వేసుకోండి. కొత్త బూట్లు కొండ మీదే మొదటిసారి తొడగొద్దు, ఇంట్లోనే కొన్నాళ్లు తొడిగి తిరగండి.

ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ కాటేజీ వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే లేని టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ ఖాళీ చేసుకోదు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ని బ్యాగు పైజేబులో కాకుండా ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టండి.

విజిల్ ఎలా ఊదాలో పిల్లలకి కాటేజీ దగ్గరే నేర్పండి. పర్వతాల్లో సాయం కోసం పిలిచే సంకేతం నిమిషంలో ఆరుసార్లు ఊదడం, ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఆరుసార్లు. విన్నామని చెప్పే జవాబు నిమిషంలో మూడుసార్లు. రాత్రయితే టార్చితో ఇదే పద్ధతి. దారి తప్పామని తెలిసిన పిల్లలు చేయాల్సింది ఒక్కటే: ఉన్న చోటే ఆగి ఊదడం.

బయల్దేరేటప్పుడు ఏ దారిలో పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఓనర్‌కో కాటేజీలో ఉండిపోయినవాళ్లకో చెప్పండి. ఎన్నింటిదాకా చూసి కంగారు పడాలో కూడా చెప్పండి. తిరిగొచ్చాక వచ్చామని చెప్పడం మరచిపోతే మీ కోసం మనుషులు టార్చీలు పట్టుకుని కొండెక్కుతారు.

5. మధ్యాహ్నం మబ్బుల్ని ఎలా చదవాలి

పొద్దున ఆకాశం అద్దంలా ఉన్నా మధ్యాహ్నానికి ఉరమడం కొండల్లో మామూలే. ఎండకి కొండ వాలు వేడెక్కితే దానిమీది గాలి పైకి లేస్తుంది, లోయలోంచి తేమగాలి వెనకే ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి మబ్బు కడుతుంది. పది గంటలకి శిఖరం మీద చిన్న దూదిపింజలు కనిపిస్తే ఫర్వాలేదు. పన్నెండుకల్లా అవి వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ పెరుగుతూ అడుగుభాగం నల్లబడుతుంటే ఇక పైకి పోకూడదు. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఎత్తయిన చోటు నుంచి పన్నెండు లోపే దిగడం మొదలుపెట్టాలనేది ఇందుకే.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో వస్తుంది. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు, ఆ దూరం నుంచి కూడా తర్వాతి పిడుగు మీ మీద పడగలదు. అసలు ఉరుము వినిపించిందంటేనే దూరం చాలనట్టు. కాటేజీలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లిపోండి. నాలుగు స్తంభాల మీద కప్పు వేసిన పందిరి వానకే పనికొస్తుంది, పిడుగుకి కాదు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

దారి మధ్యలో పట్టుబడితే కొండ అంచు మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి, నీళ్ల దగ్గర నుంచి, ఇనుప కంచె పక్క నుంచి తప్పుకోండి. పల్లంలో ఒకే ఎత్తు చెట్లున్న చోటికి దిగండి. అందరూ ఒకేచోట గుమిగూడకుండా దూరందూరంగా ఉండండి. ఒకరికి తగిలితే సాయం చేయడానికి ఇంకొకరు మిగలాలి కదా. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనేది అపోహ. ఊపిరి ఆగి, స్పృహ లేకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో చేతులతో బలంగా నొక్కే ప్రథమ చికిత్స) మొదలుపెట్టండి.

6. వాగు, జలపాతం, సరస్సు

మొదటి విషయం చలి. మంచు కరిగి వచ్చే నీళ్లు ఎండలో తళతళలాడుతున్నా ఒంటికి తగిలితే శ్వాస ఆగినంత పనవుతుంది. అప్పుడు తెలియకుండానే ఒక్కసారి నోరు తెరిచి గాలి లాగేస్తాం, తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. చల్లని నీళ్ల ప్రమాదాల్లో పనికొచ్చే లెక్క 1-10-1. మొదటి ఒక నిమిషం శ్వాస అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలే చేతులు కాళ్లు మాట వినేది, స్పృహ పోవడానికి సుమారు ఒక గంట. ఈత వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా మునిగిపోయేది చలికి స్పృహ పోకముందే. పడవెక్కితే లైఫ్ జాకెట్ పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కోండి. సరస్సులోకి దూకకుండా నడుచుకుంటూ దిగండి.

జలపాతాన్ని కింద నుంచే చూడండి. పైఅంచున ఉండే రాళ్లు నాచుపట్టి, తడి కనిపించకుండానే జారతాయి. కింద మడుగులో ఉన్నప్పుడు నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కాలి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడి ఉండొచ్చు.

వాగు దాటాల్సి వస్తే మోకాలి పైకి వచ్చే నీళ్లలో దిగొద్దు. మంచు కరిగే వాగులు పొద్దున తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా పారతాయి. పోయేటప్పుడు దాటింది వచ్చేటప్పుడు దాటలేకపోవచ్చు, ఆ సంగతి ముందే చూసుకోండి. బ్యాగు బకిల్ విప్పి, ఎగువ వైపు ముఖం పెట్టి, కర్ర ఊతంగా పెట్టుకుని ఒక్కో అడుగూ పక్కకి వేయండి.

ఎంత తేటగా ఉన్నా వాగు నీళ్లు అలాగే తాగకూడదు. తెర్లేలా ఒక నిమిషం మరిగించండి, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. అంత ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని ఆ అదనపు టైమ్.

7. పక్షులు, జంతువులు

అందరూ నడకకి రాలేని గుంపుకి ఇదే మంచి కాలక్షేపం. తెల్లారిన మొదటి రెండు గంటల్లో వరండా మెట్ల మీద కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోండి. మనం వచ్చినప్పుడు సద్దుమణిగిన అలికిడి మళ్లీ మొదలవడానికి ఆ మాత్రం పడుతుంది. బైనాక్యులర్స్ కొంటే 8x42 అని రాసినవి చూడండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 12 రెట్లవి ఇంకా బాగుంటాయనిపిస్తుందిగానీ చేతి వణుకు కూడా అన్ని రెట్లవుతుంది. పిట్ట కనపడకుండా కూత మాత్రమే వినిపిస్తే అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్‌వాళ్ల మెర్లిన్ యాప్ పేరు చెబుతుంది. ఆ ప్రాంతం ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ అక్కర్లేదు.

పెద్ద జంతువులకి దూరం పాటించాలి. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగులకీ తోడేళ్లకీ కనీసం 91 మీటర్లు, మిగతా జంతువులకి 23 మీటర్లు అని రూలుంది. మీటర్లు కొలవలేం కాబట్టి చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూయండి. జంతువు మొత్తం వేలు వెనక దాగకపోతే మీరు మరీ దగ్గరున్నట్టు. ఎదురుపడితే పరిగెత్తొద్దు, వీపు తిప్పకుండా నెమ్మదిగా వెనక్కి జరగండి. పొదల దారిలో మాట్లాడుకుంటూ నడిస్తే చాలా జంతువులు తామే తప్పుకుంటాయి.

తిండి, చెత్త సంచి, టూత్‌పేస్ట్ లాంటి వాసనొచ్చేవేవీ రాత్రి వరండాలో ఉంచకండి. గడ్డిలో నడిచి వచ్చాక చీలమండలు, మోకాళ్ల వెనక, నడుము పట్టీ దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే సన్న మొనల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం వద్దు.

8. రాత్రి ఆకాశం

డేట్లు మీ చేతిలో ఉంటే అమావాస్యకి అటూఇటూ నాలుగైదు రోజుల్లో బుక్ చేసుకోండి. పున్నమి వెలుగులో పాలపుంత కనిపించదు. ఆగస్టు 12-13 రాత్రులు పెర్సీడ్, డిసెంబర్ 13-14 రాత్రులు జెమినిడ్ ఉల్కాపాతాలు ఉద్ధృతంగా ఉంటాయి.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ చూస్తే ఆ కష్టమంతా పోతుంది. వరండా లైటు ఆర్పండి, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, చాప మీద వెల్లకిలా పడుకోండి. నిలబడి చూస్తే పది నిమిషాలకే మెడ పట్టేస్తుంది. ఉత్తరార్ధగోళంలో శరదృతువు రాత్రుల్లో ఆండ్రొమెడా గెలాక్సీ మామూలు కంటికే మసక మరకలా కనిపిస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. నేరుగా కాకుండా కొంచెం పక్కకి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే మసక వెలుతుర్ని పట్టే కణాలు కంటి నడిమధ్యలో కంటే పక్కల ఎక్కువ.

9. మంచు కాలంలో వెళ్తే

పిల్లల స్లెడ్జి (మంచు మీద జారే బండి) ఆటకి కింద చెట్లు, రాళ్లు, రోడ్డు లేని వాలు వెతకండి. నడకకి స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి పట్టాలు) అద్దెకు దొరికితే తీసుకోండి, టైమ్ మాత్రం మామూలు లెక్కకి రెట్టింపు వేసుకోండి. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అలాంటి వాలు మీదికే కాదు, దాని కిందికి కూడా స్థానిక హెచ్చరికలు చూడకుండా పోవద్దు. ఇందులో శిక్షణ లేనివాళ్లు లోయలోని చదును దారులతో సరిపెట్టుకోవడం మంచిది.

10. చలిమంట, చివరి పొద్దు

మంట వేసేది కట్టిన గుంతలోనే. గాలి ఎక్కువగా ఉన్న రోజు, నిప్పు మీద నిషేధం ఉన్న రోజు ఆ ముచ్చట మానుకోవాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకుపోకండి, వాటిలో ఉండే పురుగులు అక్కడి చెట్లకి అంటుకుంటాయి. బొగ్గులు మిగిలాయి కదా అని కుంపటిలో పోసి పడకగదిలోకి తెచ్చుకోవడం అన్నిటికంటే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు.

ఆర్పేటప్పుడు నీళ్లు పోయండి, కర్రతో బూడిద అడుగుదాకా కలపండి, మళ్లీ పోయండి. బుసబుసలు ఆగాక చేతి వెనకవైపు బూడిద దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకో బకెట్. దీనికి అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి చివరి రాత్రి మంట పడుకోబోయే గంట ముందే ఆపండి. బూట్లు అప్పుడే బయట దులిపి, తడివుంటే లోపల పాత పేపరు కుక్కి పెట్టండి. పొద్దున చెక్అవుట్‌కి ముందు గుంత మీద ఇంకోసారి చెయ్యి పెట్టి చూసి, అప్పుడు తాళాలు ఇవ్వండి.